ఇడిచిన తోట

పుంగనూరు పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ హేమలత పిడికిలి బిగించి ఎర్రావు ఎడమ డొక్కలో ఆనించి, కదలకుండా నిలబడింది. మునీశ్వరి తన కొట్టం ముందు నిలబడి ఆమె మొహంలోకే చూస్తోంది. ఆవు తల వేలాడేసి ఉంది. మూతి ఎండిపోయింది. పక్కనుంచి చూస్తే నిండు సూడావులా పొట్ట ఉబ్బి ఉంది. వెనక నుంచి చూస్తే మాత్రం తుంటి ఎముకలు తువ్వాలు తగిలించుకునేట్టు పొడుచుకొచ్చాయి.

"ఇట్రా అమ్మా. నీ పిడికిలి పెట్టు ఇక్కడ."

మునీశ్వరి పెట్టింది. టమోటా చెట్ల పసరు ఎక్కి నల్లబడ్డ చెయ్యి అది. ఎంత తోమినా ఆ నలుపు పోదు.

"ఏమైనా కదులుతోందా?"

"లేదు మేడం."

"కదలాలి. లోపలి నుంచి నీ పిడికిలిని ఎవరో మెల్లగా బయటికి నెట్టినట్టుండాలి, నిమిషానికి ఒకసారైనా. మేతను కలియతిప్పి, నెమరుకి నోట్లోకి పంపేది ఆ కదలికే. అది ఆగిపోయింది. ముందు ఏం వైద్యం చేశారు?"

ఏం చేయలేదని చెప్పాలి? ఆముదం తాపారు. అల్లం, వాము నూరి పోశారు. ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. ఉబ్బు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. పాలు పూట పూటకీ జారిపోయి చివరికి దూడకు కూడా లేకుండా పోయాయి. మునీశ్వరి అదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"మేత ఏం వేస్తున్నావు?"

"ఇంట్లో రొంత సొప్ప ఉండాది మేడం. ఈ నెలంతా తోటలో మేపినా. గోవిందప్ప తోట ఇడిచినాడు."

డాక్టరమ్మ మదనపల్లి అమ్మాయే. తోట ఇడవడమంటే ఏమిటో ఆమెకు చెప్పక్కర్లేదు. టమోటా ఆఖరి కోత అయిపోయాక, రైతు ఆ తోటలో పనిచేసిన కూలీలను పిలిచి, ఆవుల్ని తోలుకోండి అంటాడు. సాళ్ళ నడుమ గరిక ఉంటుంది, రాలిన కాయలుంటాయి, వాడిన తీగ ఉంటుంది. ఎండాకాలంలో అంతకంటే భాగ్యం ఇంకేముంది? ఎవరు ఎక్కువ రోజులు పనిచేస్తే వాళ్ళ ఆవుకి మొదటి మేత. అదొక మర్యాద. ఈసారి ఆ మర్యాద మునీశ్వరికి దక్కింది. తోటకు కట్టెలు నాటినప్పటి నుంచి కాయ తెగేదాకా ఒక్క రోజు కూడా మానకుండా వెళ్ళింది మరి. ఆవును తోలిన రోజు గోవిందప్ప గట్టు మీద నిలబడి, "కడుపు నిండా మేపుకోమ్మే" అన్నాడు. మునీశ్వరి ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండం తలుచుకుంటే తర్వాత్తర్వాత ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

"తోటలో దారాలూ, షీటూ తీసేశాకే తోలావా?" అడిగింది డాక్టరమ్మ.

మునీశ్వరి తల అడ్డంగా ఊపింది. ఏటా తీసేవాళ్ళు. ముందు చెట్లను కట్టెలకు కట్టిన దారాలు కోసి చుట్టలు చుట్టేవాళ్ళు, నేల మీద పరిచిన మల్చింగ్ షీటు లాగి కుప్ప వేసేవాళ్ళు, ఆ తర్వాతే పశువులు. ఈ ఏడు మదనపల్లి మార్కెట్లో కాయ అడిగే దిక్కు లేకుండా పోయింది. పశువులు మేసి తొక్కేస్తే కట్టెలు పీకడం సులువవుతుంది, దారాలకు వేరే కూలీ దండగ అన్నాడు గోవిందప్ప. మిగతావాళ్ళలాగే మునీశ్వరి కూడా సరేనంది.

ఆ సమయానికే గోవిందప్ప బండి మీద అటుగా పోతూ ఆగాడు. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ తెల్ల చొక్కాయే. ఊళ్ళో సగం మందికి ఆయన తోటల్లోనే పని. మునీశ్వరి మొగుడు అంజినప్ప ఆయన ట్రాక్టరే తోలుతాడు.

"ఏం మేడం, ఏమంటాండాది ఆవు?"

"ప్లాస్టిక్ తిన్నట్టుందండీ."

"అనుకుంటానే ఉండా. పుంగనూరు రోడ్డు పొడుగునా కవర్లే కదా. ఈళ్ళు పశువుల్ని రోడ్డు మీదికి తోలేసి ఇంట్లో పండుకుంటారు. సెప్తే వినేవాళ్ళెవురు?"

మునీశ్వరి ఆవు ఏనాడూ రోడ్డు ఎక్కలేదు. పగ్గం ఆమె చేతిలో లేకుండా గడప దాటలేదు. ఆ సంగతి గోవిందప్పకూ తెలుసు, ఆ పక్కనే నిలబడ్డ అంజినప్పకు ఇంకా బాగా తెలుసు. ఆమె మొగుడి వైపు చూసింది. అంజినప్ప తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటూ, "అవునప్పా, కవర్లే అయ్యుంటాయి" అన్నాడు.

మునీశ్వరికి ఆ క్షణంలో గోవిందప్ప మీద కంటే మొగుడి మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"రేపు పొద్దున కోసి తీయాలి," అంది డాక్టరమ్మ. "బతుకుతుందని మాటివ్వలేను. కోయకపోతే మాత్రం బతకదు."

మర్నాడు కొట్టం ముందు ఇనుప గుంజకు ఆవును బిగించి కట్టారు. డాక్టరమ్మ వెంట మునికుమార్ అని కాంపౌండర్ వచ్చాడు. ఎడమ డొక్క మీద వెంట్రుకలు గీకి, ఎర్రమందు పూసి, చుట్టూ సూదులు పొడిచారు. ఆవు నిలబడే ఉంది. మునీశ్వరి ముకుతాడు పట్టుకుని దాని చెవి దగ్గర ఏవేవో మాటలు చెబుతూనే ఉంది. ఏం చెబుతోందో ఆమెకే తెలియదు.

తోలు తెగింది, కండ తెగింది. లోపలి సంచి గోడను బయటికి లాగి, తోలు అంచుకు కుట్టి, అప్పుడు దాన్ని కోశారు. గుప్పుమని వచ్చిన వాసనకు అంజినప్ప మొహం తిప్పుకున్నాడు. మునీశ్వరి తిప్పుకోలేదు. పుల్లటి వాసన కాదది, కుళ్ళిన వాసన. డాక్టరమ్మ భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని చెయ్యి లోపలికి పెట్టింది. మోచేయి పోయింది, భుజం ఆనింది. చెంప ఆవు డొక్కకు తగిలేంత దగ్గరగా వంగింది. పళ్ళ బిగువున ఏదో పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

ముందు షీటు వచ్చింది. ఒక పక్క నలుపు, ఒక పక్క వెండి రంగు. నలిగి, ముడతలు పడి, ఆకు బురద పట్టి ఉంది. దాని వెనకే దారం. నీలం రంగు ప్లాస్టిక్ దారం. పోగులు పోగులుగా కాదు, పేనిన మోకులా మెలి తిరిగి, గడ్డిని బిగించి పట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ లాగుతోంది, మునికుమార్ అందుకుంటున్నాడు, తొట్టి నిండుతోంది. తొట్టి ఒంపి వచ్చేలోపు మళ్ళీ నిండుతోంది. కోడిపిల్లలు దగ్గరికొచ్చి, పొడిచి చూసి, తినకుండా పోయాయి.

"మేక అయితే పెదాలతో ఏరుకుని తింటుంది," అంది డాక్టరమ్మ ఆయాసపడుతూ. "ఆవు అట్లా కాదు. నాలుక చుట్టేసి లాగి మింగేస్తుంది. తీరిగ్గా నమిలేది తర్వాత కదా. దారమని దానికేం తెలుసు?"

"లోపలికి పోయినాక అరగదా మేడం?" అడిగాడు అంజినప్ప. ఆవు రాయి తిన్నా అరిగించుకుంటుందని అతడి నమ్మకం.

"ఆవు తనంతట తాను మేతను అరిగించుకోదయ్యా. గడ్డిని అరిగించే శక్తి దానికి లేదు. ఈ పెద్ద పొట్టలో కంటికి కనబడని పురుగులు కోటానుకోట్లు ఉంటాయి. మీరు మేత వేసేది వాటికి. అవి గడ్డిని పులియబెడతాయి. ఆ పులుపును ఈ గోడ పీల్చుకుని నెత్తుట్లో కలుపుతుంది. పాలు అందులోంచే, కండ అందులోంచే. ఆ పురుగులు కూడా చివరికి కింది పొట్టల్లోకి జారి దానికే ఆహారమవుతాయి. ఆ పురుగులకు ఈ దారం ఏం చేసుకోవాలో తెలీదు. వందేళ్ళు ఉంచినా ఇట్లాగే ఉంటుంది."

కోసిన అంచును వేలితో కొంచెం మడిచి చూపించింది. గోడ లోపలి వైపు ముదురు రంగు బొచ్చు తువ్వాలులా ఉంది. ఒకచోట మాత్రం ఆ బొచ్చు అణిగిపోయి నున్నగా ఉంది.

"షీటు అంటుకుపోయిన చోటు ఇది. ఇక్కడ ఇంకేం పీల్చుకుంటుంది? పోగేసిందంతా పోగేసినట్టే కూర్చుంది. ముందుకు పోదు, నెమరుకు రాదు. పొట్ట నిండుగా ఉంది కదా అని మేత ముట్టలేదు. ఇంత పొట్ట వేసుకుని ఇన్నాళ్ళూ పస్తులుంది మీ ఆవు."

మునీశ్వరికి కళ్ళ నీళ్ళు రాలేదు. వచ్చింది ఏడుపు కాదు. కోపం. కడుపు నిండా మేపుకోమ్మే అన్నాడు. నిజమే, నింపి పంపాడు.

తొట్టిలోంచి ఒక దారం ముక్క తీసి, బొటనవేలితో బురద తుడిచింది. ముడి కనబడింది. మునీశ్వరిది ఎడమ చేతి వాటం. తోటలో కట్టెకు దారం చుట్టి ఆమె బిగించిన ముడి మిగతా ఆడవాళ్ళ ముళ్ళకు ఎదురుగా తిరిగి ఉంటుంది. దాని మీద అందరూ వేళాకోళం చేస్తారు కూడా. ఇంకో ముక్క తీసింది. అదీ ఆమెదే. తన చేత్తో బిగించిన ముళ్ళు తన ఆవు కడుపులోంచి చెక్కు చెదరకుండా వచ్చాయి.

"సూడు," అంది మొగుడికి చూపిస్తూ. "రోడ్డు మీద కవర్లా ఇవి?"

అంజినప్ప చూశాడు. గుర్తుపట్టాడు. "మెల్లిగా మాట్లాడమ్మే," అన్నాడు. "రేపు పనికి పోవాల్సింది ఆయన కాడికే."

కుట్లు వేయడం అయ్యాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అసలు మాట చెప్పింది. కడుపు ఖాళీ చేసినంత మాత్రాన సరిపోదు. లోపలి పురుగులు దాదాపు చచ్చిపోయాయి. అవి లేకుండా ఎంత పచ్చి మేత వేసినా గంపలో వేసినట్టే. ఆరోగ్యంగా ఉన్న ఆవు నెమరు వేస్తున్నప్పుడు దాని నోట్లోంచి ఆ ముద్ద తీసి, గోరువెచ్చటి నీళ్ళలో పిసికి, వడగట్టి దీనికి తాపాలి. ఎన్ని ముద్దలు దొరికితే అంత మేలు. ఈ రోజే కావాలి.

"బాగా మేసే ఆవు అయితే మంచిది," అని హెచ్చరించి వెళ్ళింది.

ఊళ్ళో బాగా మేసే ఆవులు ఎవరికున్నాయి? ఎండలకు మేతలేక సగం మంది అమ్ముకున్నారు. గోవిందప్ప కొట్టంలో మాత్రం కుప్పం వైపు నుంచి తెచ్చిన నల్ల తెల్ల సీమావులు రబ్బరు పరుపుల మీద నిలబడి తింటున్నాయి. అంజినప్పను వెళ్ళమంటే తల గోక్కున్నాడు. మునీశ్వరి చెంబు తీసుకుని తనే బయలుదేరింది.

కొట్టం ముందు గోవిందప్ప భార్య ఆదిలక్ష్మమ్మ పీట వేసుకుని కూర్చుని ఉంది. ముందు పచ్చగడ్డి కుప్ప. గుప్పెడు గుప్పెడు తీసి, విదిలించి, విడదీసి చూసి పక్క గంపలో వేస్తోంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుతోంది. ఒళ్ళో పాత చీర ముక్క పరుచుకుని అందులోకి ఏదో వేస్తోంది.

"రామ్మే మునీశ్వరీ. ఆవుకి ఎట్లుండాది?"

"కోసినారమ్మా. బతికుండాది. ఏం ఏరతాండావు?"

"దారాలు," అంది ఆదిలక్ష్మమ్మ మామూలుగా. "తోట గట్ల మింద కోసిన గడ్డి కదా. గాలికి దారం ముక్కలు పడింటాయి. ఒక్క పోగు పోయినా ఆవు మిగలదంట. పోయినేడు మా మరిది ఆవు అట్లే సచ్చిపోయింది కదా, శాంతిపురం కాడ. కోసి సూస్తే అంతా దారాలూ షీటూనే. మా ఇంటాయన సొయంగా నిలబడి సూసొచ్చినాడు. ఆ పొద్దుట్నుంచీ నాకు ఇదే పని, నడుము పడిపోతాండాది."

ఆమె ఒళ్ళోని చీర ముక్కలో నీలం పోగులు చిన్న కుప్పగా పడి ఉన్నాయి.

పోయినేడు చూసొచ్చాడు. నిలబడి చూసొచ్చాడు. ఇంటికొచ్చి పెళ్ళాన్ని పీట మీద కూర్చోబెట్టి గడ్డి ఏరించాడు. ఈ ఏడు దారాలు తీయకుండానే తోట ఇడిచి, మేపుకోమ్మే అన్నాడు. ఆలోచిస్తే ఇంకో సంగతి కూడా తట్టింది. ఏ తోట ఇడిచినా ఏ రోజూ ఆయన ఆవు ఒక్కటి కూడా ఆ తోటలో కాలు పెట్టలేదు. పెద్దింటి ఆవులు కదా, ఎండలో ఎందుకు తిరుగుతాయిలే అనుకునేది ఇన్నాళ్ళూ. ఎంత వెర్రిదాన్నని తన మీద తనకే అసహ్యం వేసింది.

గోవిందప్ప లోపల్నుంచి పంచె సర్దుకుంటూ వచ్చాడు. సంగతి విన్నాడు.

"నెమరా? వద్దుమే. పాలావు నోట్లో నెమరు లాగేస్తే పాలు తెగిపోతాయి. ఇంకేదన్నా అడుగు, కాదంటానా?"

"ఒక్క ముద్దప్పా."

"సెప్తాండా కదా. కావాలంటే ఒక మోపు గడ్డి ఎత్తుకుపో. రెండో తోట ఇడుస్తాండా. నీ ఆవు లేసినాక దాన్నీ ఆడికి తోలుకో."

ఒక్క మాట మాట్లాడినా అది తిట్టే అవుతుంది, ఆ తర్వాత ఆపుకోవడం తన వల్ల కాదు. మునీశ్వరి ఖాళీ చెంబుతో వెనక్కి తిరిగింది.

సావిత్రమ్మ ఇల్లు ఊరి చివర. మొగుడు పోయాక ఒక్క మచ్చలావును పెట్టుకుని బతుకుతోంది. మునీశ్వరి కంటే పదేళ్ళు పెద్దది, తోటలో ఇద్దరిదీ పక్క పక్క సాళ్ళే. చెంబు చూసి, కథంతా విని, "పాలు తగ్గుతాయంటారే" అంది. ఆ తర్వాత ఏమనుకుందో, చీర కొంగు బొడ్లో దోపుకుని లేచింది.

మచ్చలావు నీడలో పడుకుని నెమరు వేస్తోంది. కళ్ళు అరమోడ్చి, దవడ ఓ పక్కకు తిప్పుతూ తన లోకంలో ఉంది. మెడలో ముద్ద పైకి ఎగబాకడం కనబడగానే సావిత్రమ్మ నాలుక పక్కకు లాగి పట్టుకుంది. మునీశ్వరి దవడ సందులోంచి వేళ్ళు పోనిచ్చి, నమిలీ నమలని పచ్చటి ముద్దను చెంబులోకి తీసింది. వెచ్చగా ఉంది. కమ్మటి పులుపు వాసన. ఆవు కోపంగా తల విదిలించి, కాసేపు అలిగి, మళ్ళీ నెమరు మొదలుపెట్టింది. మళ్ళీ తీశారు. ఆవు విసుక్కుంది, సావిత్రమ్మ మాత్రం విసుక్కోలేదు. చెంబు నిండేదాకా పొద్దు వాలిపోయింది.

ఆ నీళ్ళు తాపాక కూడా ఎర్రావు ఒక రోజంతా రాయిలా నిలబడింది. మర్నాడు సావిత్రమ్మ తనే ఇంకో చెంబు పట్టుకొచ్చింది, కొట్టం పక్కన పోసిన దారాల కుప్పనూ చూసింది. సాయంత్రం మునీశ్వరి పొయ్యి దగ్గర ఉండగా, "ఇట్రామ్మే, ఇట్రా" అని అంజినప్ప కేక వేశాడు. ఆవు మెడలో ఉండ ఒకటి కిందినుంచి పైకి పాకింది. దవడ కదిలింది. ఒకసారి, ఆగి మళ్ళీ ఒకసారి. తర్వాత ఆగలేదు. మునీశ్వరి పిడికిలి బిగించి దాని డొక్కలో పెట్టింది. లోపలి నుంచి మెత్తగా, బలంగా ఒక నెట్టు వచ్చింది. అప్పుడు ఏడ్చింది ఆమె, ఇన్ని రోజులకు.

"అయిపోయింది లేమ్మే," అన్నాడు అంజినప్ప. "ఇంక ఆ మాట ఎత్తొద్దు."

ఎత్తకుండానే ఉండేదేమో. ఆ సాయంత్రమే సావిత్రమ్మ ఆవును చూడ్డానికొచ్చి, నెమరు చూసి మురిసిపోయి, వెళ్తూ వెళ్తూ, "రేపు రెండో తోట ఇడుస్తాండారంట. మొదట మేపుకునేది నేనే" అంది.

"అక్కా, వద్దు. దారాలు తీసినారా దాంట్లో?"

"ఏరుకుంటా మేపుతాలే."

"తోటంతా ఏరతావా? వద్దు. నా ఆవు కడుపులోంచి తీసింది కళ్ళారా సూసినావు కదా."

"సూసినా. మరి ఏం పెట్టమంటావు దానికి? ఇంట్లో పుల్ల లేదు." సావిత్రమ్మ గొంతు ఒక్కసారిగా కరుకైంది. "నువ్వు మేపినంత కాలం మేపినావు. నా వంతు వచ్చేతలికి వద్దంటాండావు."

మునీశ్వరికి ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది. కానీ సావిత్రమ్మ మీద కోపం నిలవలేదు. నిలబడ్డ కోపమంతా ఎవరి మీదో ఆమెకు స్పష్టంగా తెలుసు. ఈమె ఆవు నోట్లోంచి తీసిన ముద్ద తన ఆవు కడుపులో బతుకుతోంది. రేపు ఆ ఆవు వెళ్ళి నీలం దారం మేస్తుంది. మేపినందుకు సావిత్రమ్మ కూడా ఆయనకు దండం పెడుతుంది.

రెండో తోట గోవిందప్ప కొట్టం వెనకే ఉంది. మర్నాడు మునీశ్వరి వెళ్ళేసరికి దారికి అడ్డం పెట్టిన కంప ముందు సావిత్రమ్మ మచ్చలావును పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకొన్ని ఆవులు, వాటి పగ్గాలు పట్టుకుని కూలీలు. కట్టెలు ఎక్కించుకోవడానికి అంజినప్ప ట్రాక్టర్ ఆపుకుని పైనే కూర్చుని ఉన్నాడు. గోవిందప్ప తెల్ల చొక్కా చేతులు మడుచుకుని, పెళ్ళికి పిలిచిన మనిషిలా అందర్నీ పలకరిస్తున్నాడు. ఇచ్చే మనిషి మొహంలో ఉండే వెలుగు ఆయన మొహంలో నిండుగా ఉంది. అది చూసి మునీశ్వరికి ఇంకా మండింది.

ఎవరితోనూ మాట్లాడలేదు. గట్టు పక్కన కడగడానికి కట్టేసిన సీమావు దగ్గరికి పోయి, గుంజకున్న పగ్గం విప్పి, తోట వైపు నడిపించుకొచ్చింది.

"ఏమ్మే, దాన్ని యాడికి తోలుకొస్తాండావు?"

"మేపేదానికప్పా. మంచి మేతంటివి కదా. ముందు నీ ఆవు మేయనీ. మావి తర్వాత మేస్తాయి."

ఒకరిద్దరు నవ్వారు. గోవిందప్ప కూడా నవ్వాడు. ఆమె ఆగకపోయేసరికి ఆ నవ్వు పోయింది.

"తమాషాలు సాలు. తీసుకుపోయి కట్టేయ్."

"యాల? గడ్డి బాగలేదా?"

"అది సీమావుమే. దానికి ఈ మేత పడదు."

"మేత పడదా, దారం పడదా?"

నవ్విన వాళ్ళు నవ్వు ఆపేశారు. "అంజినప్పా!" అని అరిచాడు గోవిందప్ప. "దిగి నీ పెండ్లాం చేతిలో పగ్గం తీసుకోరా."

అంజినప్ప స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. దిగలేదు.

ఈలోపు ఎవరూ చూడనిది ఆవు చూసుకుంది. కంప మీదుగా మెడ చాచింది. పొడుగాటి నాలుకతో గరికనూ టమోటా తీగనూ కలిపి చుట్టి లాగింది. తీగతో పాటు కట్టెకున్న నీలం దారం తెగి దాని నోట్లోకి పోసాగింది. మునీశ్వరి బెదిరిద్దామని వచ్చింది కానీ నోరులేనిదాన్ని చంపుదామని రాలేదు. పగ్గం వెనక్కి గుంజింది, ఆవు రాలేదు.

ఆమెను ఒక్క తోపు తోసి గోవిందప్ప ముందుకు దూకాడు. తెల్ల చొక్కా సంగతి మరిచిపోయి, ఆవు దవడ సందులోకి చెయ్యి దోపాడు. మణికట్టు దాకా పోయింది. ఆవు పళ్ళ మధ్య వేళ్ళు నలిగితే అబ్బా అన్నాడు, అయినా తీయలేదు. "ఉమ్మేయ్, ఉమ్మేయే తల్లీ, సస్తావు" అని బతిమాలుతూ లోపల వెతికి, పట్టుకుని లాగాడు. గడ్డీ, సొంగా, వాటితో పాటు మూరెడు దారం వచ్చింది. ఆవు నోరు తెరిచి లోపలంతా చూశాడు, నాలుక కింద కూడా చూశాడు. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

తల ఎత్తేసరికి అందరూ ఆయన చేతి వైపే చూస్తున్నారు. వేళ్ళ మీద నెత్తురు, పిడికిట్లో తడి దారం.

"నా ఎర్రావు మేస్తాంటే గట్టు మిందనే ఉండావు కదప్పా," అంది మునీశ్వరి. అరవలేదు. అరవాలనుకుంది కానీ గొంతు దానంతటదే తగ్గిపోయింది. "దాని నోట్లో యాల పెట్టలేదు ఆ చెయ్యి?"

గోవిందప్ప చేతిలోని దారం ఎక్కడ పడేయాలో కూడా తెలియనట్టు అటూ ఇటూ చూశాడు.

సావిత్రమ్మ మచ్చలావు పగ్గం వెనక్కి తిప్పింది. గట్టు ఇరుకు. ఆవు తిరగలేక మొరాయించింది. అంజినప్ప ట్రాక్టర్ దిగాడు. యజమాని పక్కనుంచే నడిచిపోయి, ఆవు రొమ్ముకు భుజం ఆనించి దాన్ని మెల్లగా ఊరి వైపు తిప్పాడు. వెనక ఉన్న ఆవులు కూడా ఒక్కొక్కటే తిరిగాయి.

మునీశ్వరి సీమావు పగ్గాన్ని గోవిందప్ప చేతికి ఇచ్చి వాళ్ళ వెనక నడిచింది.

"ఇప్పుడు దీనికి ఏం పెట్టేదే?" అంది సావిత్రమ్మ, తల తిప్పకుండానే.

"మా ఇంట్లో సొప్ప ఉండాది కదక్కా."

"రెండావులకు ఎన్నాళ్ళొస్తాది అది?"

"వచ్చినన్నాళ్ళు రానీ," అంది మునీశ్వరి. ఆమె కోపం ఇంకా దిగలేదు. తోసినప్పుడు కంప గీరుకున్న మోచేతిని కొంగుతో అదుముకుని, సావిత్రమ్మను దాటి ముందుకు నడిచింది.